ఎనిమిదో రోజు బేరం

“ఎనిమిది రోజులకే ఆపేస్తారా? పదిహేను రోజులివ్వండి డాక్టరమ్మా!”

ఎర్గాష్ ఓష్ పట్నం బజారులో ఎండు పండ్ల వ్యాపారి. మొదట చెప్పిన మాటకే బేరం తెగితే అతనికి ముద్ద దిగదు. మంచం మీద ముసలావిడ, చేతికి సెలైన్ సూదితో, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

“కొసరడానికి ఇదేం ఆప్రికాట్ల తూకమా ఎర్గాష్ గారూ?” అంది డాక్టర్ అసెల్. “పేగు చిల్లు కుట్టేశాం. కడుపులో చీము కడిగేశాం. జ్వరం లేదు, రక్తపరీక్ష బాగుంది. ఇక యాంటీబయాటిక్‌తో పని లేదు, ఇంటికి వెళ్లొచ్చు.”

“ఇంకో ఏడు రోజులిస్తే పోయేదేముంది? మందు నేనే కొంటున్నాగా!”

“ఆవిడ పేగులు పాడవుతాయి. మందుకు లొంగని క్రిములు తయారవుతాయి.”

“సగం ఎండిన పండు మూట కడితే బూజు పడుతుందమ్మా.”

“ఎండిన పండుని ఇంకా ఎండలోనే వదిలేస్తే?”



“రాయైపోతుంది,” అన్నాడు ఎర్గాష్, గొంతు తగ్గించి.

“మరింకేం!” డాక్టర్ పక్క మంచానికి వెళ్లిపోయింది.

మొదటి రోజు ఈ వార్డులోకి వచ్చినప్పుడు ఎర్గాష్ చేతిలో ఉన్నవి ఒక ఫ్లాస్కు నిండా షోర్పా అనే మాంసం చారు, ఒక గుండ్రటి రొట్టె. అవి ఎవరి కోసం తెచ్చాడో ఆ మనిషి అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. ఎదురొచ్చిన నర్సు ఒక చీటీ అతని చేతిలో కుక్కి, “నాలుగో మంచానికి! పరుగెత్తు!” అంది. చీటీ మీద మందు పేరు, మంచం నంబరు. మందుల షాపుకు పరుగెత్తాడు.

అప్పటి నుంచి పొద్దున్నే ఆ మంచం మీది ముసలావిడకి మందు తెచ్చిచ్చాకే కొట్టు తెరిచేవాడు. ఆవిడ తాగొచ్చని డాక్టర్ చెప్పాక మధ్యాహ్నం షోర్పా తెచ్చేవాడు. అతని ఇంట్లో రెండో గిన్నె కడిగే అవసరం ఎన్నో ఏళ్ల క్రితమే తీరిపోయింది. ఇప్పుడు మళ్లీ వచ్చింది.

“ఎందుకు నాయనా ఆ పిల్లతో కొట్లాట?” అంది ముసలావిడ. “నా ఊళ్లో నా పొయ్యి నాకుంది. సాయంత్రం బండికి వెళ్లిపోతాను.”

“అక్కడ నీకు షోర్పా ఎవరు పోస్తారమ్మా?”

“అదో షోర్పా! నిన్నటిదాంట్లో ఉప్పేదీ? నీకే ఉప్పు చూసేవాళ్లు లేరు.”

నర్సు వచ్చి సూది తీసేసింది. ఎర్గాష్ బయటికొచ్చి నడవాలో బెంచీ మీద కూర్చున్నాడు. అలవాటు కొద్దీ లెక్క చూసుకున్నాడు. పెట్టుబడి బాగానే అయింది. రాబడి ఎనిమిది రోజుల తిట్లు. రేపటి నుంచి అవీ ఉండవు.

“సాలిమాఖాన్ తాలూకు ఎవరండీ?” నర్సు తలుపు దగ్గర నుంచి కేకేసింది.

ఎర్గాష్ కదల్లేదు.

“సాలిమాఖాన్ మనుషులు! ఎవరూ లేరా?”

ఎవరైనా లేస్తారేమోనని ఎర్గాష్ కూడా అటూ ఇటూ చూశాడు.

“నిన్నే అన్నా! పలకవేం? మీ అమ్మ బండెక్కనని మొండికేసింది. నీ ఇల్లు ఎక్కడో అడుగుతోంది, రా!”

ఎర్గాష్ లేచి నిలబడ్డాడు.

ఆవిడ పేరు వినడం అతనికి అదే మొదటిసారి.