దొంగల సంబంధం

"దొంగల సంబంధం మాకొద్దు. మీరింక లేవండి పాస్టరుగారూ," అన్నాడు జక్రయ్య.

ఇమ్మానియేలు పాస్టరు లేవలేదు. పెళ్లికొడుకు తరఫున పెద్దమనిషిగా వచ్చినవాడు అంత తేలిగ్గా లేస్తాడా? పక్కన పెళ్లికొడుకు స్టీఫెన్ మిరపకాయ బజ్జీ చేత్తో పట్టుకుని తల దించుకున్నాడు. ముఖం కందిపోయింది. కళ్లల్లో నీళ్లు. అవి బజ్జీ తెప్పించినవో, ఆ మాట తెప్పించినవో తెలియదు.

అంతవరకూ అంతా బాగానే నడిచింది. పచ్చపురుగు పత్తిని ఊడ్చిపెట్టిన ఏళ్లవి. ఆ పురుగు మీద పరిశోధన చేయడం స్టీఫెన్ ఉద్యోగం. జక్రయ్య కూతురు శాంతి పనిచేసేదీ చిలకలూరిపేటలో అదే ఆఫీసులో. ఇద్దరూ ఇష్టపడ్డారు. సంబంధం కలుపుకునే ముందు ఈ వైపు ఎవరైనా అడిగినట్టే జక్రయ్య కూడా తాతముత్తాతల సంగతి అడిగాడు. ఏదో నాలుగు గొప్పలు చెప్పి గట్టెక్కాల్సింది. ఈ వెర్రిబాగులవాడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పైగా నవ్వుతూ!

"వాళ్ల ముత్తాతకి తాత ఎప్పుడో చేసిన పనండీ," అన్నాడు పాస్టరు. "ఆకలికి తాళలేక ఎత్తుకుపోయాడు. ఇంగ్లీషు ప్రభుత్వం శిక్ష వేసి, సొంతూరు నుంచి వెళ్లగొట్టి, అలాంటివాళ్లందరితో కలిపి దూరంగా పడేసింది. అక్కడే పిల్లా జెల్లా పుట్టారు."

"ఏం ఎత్తుకుపోయాడు?"

"గొర్రె. ఒక్కటేనండి," అన్నాడు స్టీఫెన్, వేలు చూపిస్తూ.

"ఒక్కటైతే దొంగ కాదా? మా ఇంటి మీద ఇప్పటిదాకా ఒక్క కేసు లేదు. పర్చూరు నుంచి పిడుగురాళ్ల దాకా ఏ స్టేషన్లో అయినా అడుక్కోండి. ఈ పరువు కోసం మా నాన్న ఎంత ఏడ్చాడో నాకు తెలుసు. పోయి పోయి దొంగ రక్తాన్ని ఇంట్లోకి తెచ్చుకోమంటారా?"

"రక్తంలో దొంగతనం ఉంటుందా నాన్నా?" శాంతి విసురుగా బయటికొచ్చింది. "ఆ మాట ఎవరన్నా అనొచ్చు, నువ్వు అనకూడదు. చేసుకుంటే ఈయన్నే చేసుకుంటా. లేదంటే ఇట్టాగే ఉండిపోతా. నీ ఇష్టం!"

"ఏందే, నోరు లేస్తోంది?"

మంచం మీద జక్రయ్య తల్లి వీరమ్మ దగ్గింది. ఎనభై ఏళ్ల మనిషి. ఆమె దగ్గితే ఆ ఇంట్లో అందరూ నోరు మూయాల్సిందే. మూశారు.

"పిల్లనిద్దాంరా," అంది.

"అమ్మా, దొంగల..."

"ఆ సంగతి నేను చూసుకుంటాగా! దొంగ మనవణ్ణి ఓ కంట కనిపెట్టి ఉండాలి, అంతేగా? పెళ్లయ్యేదాకా రోజూ పొద్దున్నా సాయంత్రం వచ్చి నా ఎదురుగా నిలబడి హాజరు చెప్పి పొమ్మను. ఒక్క పూట తప్పినా పిల్ల లేదు."

"అదేం మాటమ్మా! మనిషిని అట్టా అవమానిస్తారా?" ఈసారి పాస్టరు లేచి నిలబడ్డాడు.

శాంతి మాత్రం నవ్వు ఆపుకుంటూ స్టీఫెన్‌కి సైగ చేసింది. అతను బజ్జీ పక్కన పెట్టి లేచాడు.

పుట్టిన పాపానికే తన కులాన్నంతా దొంగలని చట్టం రాసిన తెల్లదొరల ముందు చిన్నప్పుడు రెండు పూటలా వరసలో నిలబడి హాజరు చెప్పిన వీరమ్మ ఎదుట, ఇంగ్లండు నుంచి ఓడలో ఆస్ట్రేలియాకి తోలేసిన గొర్రె దొంగ వంశంలో పుట్టిన ఆ తెల్లదొర చేతులు కట్టుకుని, "హాజరండీ," అన్నాడు.