విశ్వాసమ్మ లాటిను

బిషప్పు వచ్చేలోగా ఊళ్లో కావలసిన పనులు నాలుగు. గుడికి సున్నం కొట్టాలి. సమాధుల మధ్య పెరిగిన కంప నరకాలి. గంటకు కొత్త తాడు కట్టాలి. విశ్వాసమ్మ నోరు సరిచేయాలి.

నాలుగో పని దాసన్నకు పడింది. అతడు ఆమె మనవడు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల క్రైస్తవుల్లో మొదటి బి.ఎ. మద్రాసులో లాటిన్ చదివి, ఆ ఏడే, 1926లో, ఊరికి తిరిగివచ్చాడు.

ఆ ఊరికి ఫాదర్లు ఏడాదికొకసారి వచ్చేవారు. చావులు అట్లా రావు గదా. అందుకని చనిపోయినవారిని సాగనంపే లాటిన్ ప్రార్థన ఎప్పుడో ఒక ఫాదరు నేర్పిపోయాడు. అది అవ్వ నుంచి అమ్మకు, అమ్మ నుంచి విశ్వాసమ్మకు నోటిమీదనే వచ్చింది. నలభై ఏళ్లుగా గుంత దగ్గర నిలబడి చెప్పేది ఆమే. మొగునికి చెప్పింది. కొడుక్కి, అంటే దాసన్న తండ్రికీ చెప్పింది.

బిషప్పు వచ్చేదాకా ఊళ్లోనే మకాం పెట్టిన ఇటలీ కొత్త ఫాదరు ఆమె ప్రార్థన ఒక్కసారీ వినలేదు. అయినా ఆమె తప్పులు ఇరవై ఏడూ వరుసగా ఆయన చేతి కాగితాల్లో ఉన్నాయి. 'సాంక్తా మరియా' అనవలసినచోట 'సాంతా మరియా'. 'దోమినే' అనవలసినచోట 'దొమ్నే'. దిద్దుకునేదాకా ఆమె ఏ గుంత దగ్గరా నోరు తెరవకూడదన్నాడు.

ఆ కాగితాలు చూడగానే దాసన్న తల తిప్పుకున్నాడు.

అయినా వాదించాడు. లాటిన్ ఒకనాడు సిపాయిలూ కూలీలూ వీధుల్లో మాట్లాడిన భాష. వాళ్ల నోళ్లలో అరిగి అరిగి ఇటలీ భాషయింది, ఫ్రెంచి అయింది, స్పానిష్ అయింది. ఆ అరుగుదల తప్పు కాదు, దానికొక క్రమం ఉంది. భక్తిని మావాళ్లు బత్తి అన్నట్టే.

"మీ అమ్మగారు కూడా ఇంట్లో సాంతా మరియా అనే అంటారు గదా ఫాదర్," అన్నాడు.

ఫాదరు కాగితాలు మడిచాడు. అమ్మ మాట ఇంట్లో చెల్లుతుంది గాని పూజలో చెల్లదని చెప్పి లేచిపోయాడు.

ఆ తప్పుల చాడీలు ఫాదరుకు మోసింది, ఊళ్లో జపాలు నేర్పే ఉపదేశి గిడ్డయ్యేనని ఊరు తేల్చేసింది. గిడ్డయ్య సిలువ ముట్టుకొని ఒట్టేశాడు. ఎవరూ నమ్మలేదు. అతని భార్యకు పొయ్యిలోకి నిప్పు కూడా పెట్టలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా దాసన్న లేచి బయటికి పోయేవాడు.

రోజూ పొద్దున అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి 'దోమినే' అనిపించేవాడు. ఆమె 'దొమ్నే' అనేది. పళ్లు లేని నోరు. పదోరోజుకు అదీ మానేసింది.

"ఇన్నాళ్లు నేను చెప్పింది దేవునికి అర్థమే కాల్యాదా?" అనడిగింది.

"అయింటాదిలే అవ్వా."

"నాకు సర్ది చెప్పాకు. అయింటే ఫాదరు ఎందుకొద్దంటాడు? మీ తాతను పంపిస్తి. మీ నాయన్ను పంపిస్తి. దోవ తప్పు చెప్పి పంపిస్తినే. అంతమందీ యాడికి పోయింటారు రా, దాసన్నా?"

దాసన్నకు నాలుగు భాషలు వచ్చు. లేచిపోయి అవ్వకు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు.

బిషప్పు రావడానికి రెండు రోజుల ముందు ముసలి ఏసేపు చనిపోయాడు. గుంత దగ్గర అందరూ అలవాటుగా విశ్వాసమ్మ వైపు చూశారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫాదరు సైగ చేస్తే దాసన్న చదివాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఎక్కడ ఆమెన్ అనాలో మాత్రం ఎవరికీ తెలియలేదు.

మట్టి పూడ్చాక ఫాదరు, ఇక వీటితో పనిలేదంటూ, ఆ కాగితాలు దాసన్న చేతిలో పెట్టాడు. అవి మద్రాసు నుంచి దాసన్న మిషన్ పత్రికకు పంపిన తొలి వ్యాసమే; పత్రికవాళ్లు ఫాదరుకు చేరవేశారు. చివర తన చేతిరాతలోనే ఉన్న మాటల్ని దాసన్న మళ్లీ చదువుకున్నాడు: "ఈ ఇరవై ఏడు మార్పులూ మా అవ్వ విశ్వాసమ్మ నోట విన్నవి, చదివినవారు దయచేసి ఆమె పేరు గుర్తుంచుకోవాలని మనవి."