కల్లో చెప్పిన పేరు

“మన ముందు ఇంకా మూడు జంటలే ఉన్నాయిరా. చెప్పేదేదో ఇప్పుడే చెప్పెయ్,” అని లెస్టర్ చెవిలో హోరేస్ గొణిగాడు.

గొణగడం హోరేస్‌కి చేతకాని పని. వాళ్ళ పాటల బృందంలో మంద్రం పాడేది అతనే. అతను గుసగుసలాడినా కోర్టు వరండా అంతా వినిపిస్తుంది. ముందున్న జంట వెనక్కి తిరిగి చూసింది.

“నెమ్మదిరా బాబూ,” అన్నాడు లెస్టర్.

కొరెల్లా నాలుగడుగుల అవతల కిటికీ దగ్గర నిలబడి, చేతి తొడుగు తీస్తూ మళ్ళీ వేసుకుంటూ ఉంది. పొద్దుటి నుంచీ ఆమె సరిగ్గా మాట్లాడలేదు. పెళ్ళి లైసెన్సు కోసం వచ్చిన ఏ పిల్లకైనా ఆ మాత్రం బెదురు ఉంటుందని లెస్టర్ సర్దిచెప్పుకున్నాడు. అతని బెదురు వేరు.

ఆ రోజుల్లో బాల్టిమోర్‌లో గొంతు కలిపి పాడే నల్లకుర్రాళ్ళందరూ తమ బృందాలకి పిట్టల పేర్లు పెట్టుకున్నారు. మంచి పిట్టలన్నీ అయిపోయాక వీళ్ళ ఐదుగురికీ వడ్రంగిపిట్టలు మిగిలాయి. మంగలిషాపు వెనకగదిలో రెండేళ్ళు గొంతులు అరగదీసుకుంటే, రేడియోలో నాలుగు వారాలు మోగిన పాట ఒకటి దక్కింది. దాని పేరు ‘కొరెల్లా’. ఎక్కడ పాడినా, మొదలుపెట్టే ముందు లెస్టర్ కళ్ళు మూసుకుని ఒక మాట చెప్పేవాడు.

“నాకు కల్లో ఒక అమ్మాయి కనిపించింది. తన పేరు చెప్పి మాయమైపోయింది. అప్పటి నుంచీ వెతుకుతున్నాను.”

ఆడపిల్లలు కరిగి నీరైపోయేవాళ్ళు.

కల లేదు, కాకరకాయా లేదు. మంగలిషాపు అద్దం కింద ఉన్న జుట్టునూనె సీసా మీది పేరది. “నోరు బాగా తెరిచి పాడే పేరు కావాలిరా, కింది స్వరంలో నేను అందుకోవాలి కదా,” అని హోరేస్ అంటే, ఎదురుగా కనిపించింది తీసుకున్నారు.

నిరుడు వసంతంలో, కచేరీ అయిపోయాక హాలు పక్కవాకిట్లో లెస్టర్ ఆడపిల్లల ఫొటోల మీద సంతకాలు పెడుతున్నాడు. లాండ్రీలో పనిచేసే బక్కపల్చటి పిల్ల ఒకతె వచ్చి నిలబడింది. పేరేమిటని తలెత్తకుండానే అడిగాడు.

“కొరెల్లా.”

లెస్టర్ చేతిలో కలం జారిపోయింది. ఆ రోజు నుంచి వరసగా నాలుగు ఆదివారాలు ఆమె వెళ్ళే చర్చికి వెళ్ళాడు. ఆ పిల్లకి మొదట్లో కాస్త టెక్కు ఉండేది. వీధిలో పిలిస్తే రెండో పిలుపుకి గాని తిరిగేది కాదు. అదీ అతనికి ముద్దుగానే ఉండేది. కల్లో తను ఎలా కనిపించిందని ఒకసారి అడిగితే, నోటికొచ్చినట్టు పసుపు గౌను వేసుకున్నావన్నాడు.

ఇవాళ ఆమె పసుపు గౌను వేసుకొచ్చింది. అది చూసినప్పటి నుంచీ లెస్టర్ ఆమె వైపు సూటిగా చూడలేకపోతున్నాడు.

“చెప్తే వెళ్ళిపోతుందేమోరా,” అన్నాడు.

“చెప్పకపోతే జీవితాంతం ఆ కల కంటూనే ఉండాలి నువ్వు. ఏటేటా కొత్త గౌను కల్పించి చెప్తావా?”

ముందున్న జంటలు వెళ్ళిపోయాయి. వీళ్ళ వంతు వచ్చింది. గుమాస్తా వీళ్ళ తలల మీదుగా చూసి, వెనకాల అప్పుడే వచ్చిన తెల్లజంటని పిలిచాడు. హోరేస్ పళ్ళు నూరాడు. అలాంటివి అలవాటే. కాకపోతే లెస్టర్‌కి ఈసారి ఐదు నిమిషాలు కలిసొచ్చాయి.

“కొరెల్లా.”

ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది.

“కొరెల్లా.”

“ఆఁ. మన వంతేనా?”

“ఇంకా రాలేదు. నీకో సంగతి చెప్పాలి. విన్నాక వెళ్ళిపోతానన్నా నేను ఆపను.”

ఆమె చేతి తొడుగు లాగడం మానేసింది. “చెప్పు.”

“నాకు ఏ కలా రాలేదు. ఆ పేరు నూనె సీసా మీదది. పసుపు గౌను సంగతి కూడా నువ్వడిగినప్పుడు అప్పటికప్పుడు కల్పించిందే.”

ఆమె వంగి తన గౌను చూసుకుంది. “ఇది కుట్టడానికి మూడు వారాలు పట్టింది, లెస్టర్.”

“తెలుసు.”

“పిన్ని కిటికీ తెరలు కత్తిరించి కుట్టాను.”

“అదీ తెలుసు.”

“చెల్లెమ్మా, తప్పు నాది కూడా,” హోరేస్ మధ్యలో దూరాడు. “సీసా చూపించింది నేనే.”

“నువ్వు ఊరుకో, హోరేస్.” ఆమె లెస్టర్ వైపు తిరిగింది. “అయితే కొరెల్లా అనే అమ్మాయి ఎక్కడా లేదన్నమాట.”

“నువ్వు వచ్చేదాకా లేదు.”

“ఆ పేరు కాకపోతే ఆ రోజు నన్ను చూసేవాడివా?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. లెస్టర్ దాన్ని మింగేశాడు.

“చూసేవాణ్ణి కాదేమో. యాభైమంది ఉన్నారక్కడ. కానీ ఏడాది తిరిగింది పేరుతో కాదుగా. ఇవాళ ఆ పేరు లేకపోయినా నేనిక్కడే నిలబడి ఉండేవాణ్ణి.”

ఆమె కళ్ళు నిండాయి. అతన్ని దాటుకుని వాకిలి వైపు నడిచింది. ఆపనని మాటిచ్చాడు కాబట్టి లెస్టర్ కదల్లేదు. అతనికి అంత కష్టమైన పని అంతకు ముందెప్పుడూ పడలేదు.

“తర్వాత వాళ్ళు,” గుమాస్తా అరిచాడు.

ఆమె వాకిలి దగ్గర ఆగింది. చేతి రుమాలుతో మొహం తుడుచుకుంది. వెనక్కి వచ్చి లెస్టర్ చెయ్యి పట్టుకుని గుమాస్తా బల్ల దగ్గరకి తీసుకెళ్ళింది.

“పెళ్ళికూతురి పేరు,” గుమాస్తా కాగితం మీంచి తలెత్తలేదు. “ప్రమాణం చేసి చెప్పాలి. పుట్టినప్పుడు పెట్టిందే చెప్పాలి.”

ఆమె లెస్టర్ మొహంలోకి ఒకసారి చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

“బెర్తా మే టిల్మన్,” అంది కొరెల్లా.