ఒడ్డున పులి

గెడ్డ నీళ్ళ మధ్యలో బోటు ఇంజను మళ్ళీ ఆగిపోయింది.

“సూసినావా దీని యవ్వారం?” నాగబాబు తలగుడ్డ తీసి ఇంజను మీద విసిరికొట్టాడు. “ఒడ్డున పులి. నీళ్ళలోకొస్తే పిల్లి.”

భాస్కర్ ఇంజను మీదికి వంగాడు. అతను నాగబాబుకి బావమరిది. భోగాపురంలో మోటార్లూ ఇంజన్లూ బాగుచేసే కొట్టు ఉంది. వేట నిషేధం ఎత్తేసిన దగ్గర్నుంచీ ఆ కొట్టు మూసుకుని ఈ బోటు దగ్గరికి పరుగెత్తుకురావడమే అతని పనైపోయింది. ఒడ్డున ఖాళీగా తిప్పితే ఇంజను హాయిగా తిరుగుతుంది. వలలూ ఐసుపెట్టే ఎక్కించి, రేజు పెంచి, గెడ్డ సముద్రంలో కలిసే మొగ వైపు తిప్పారో, రెండు దగ్గులు దగ్గి చచ్చూరుకుంటుంది. ఊళ్ళో బోట్లన్నీ మొగ దాటి సముద్రంలో పడుతుంటే, నాగబాబు బోటును మాత్రం ఎవరో ఒకరు జాలిపడి తాడు కట్టి వెనక్కి లాక్కొస్తున్నారు.

“ఫిల్టరు మార్సినావు. నాజిలు మార్సినావు. నీళ్ళలో ఫ్యానుకి సుట్టుకున్న వల ముక్క కోసినావు. ఇంకేటి మిగిలిందిరా, నన్ను మార్సడమా?”

“నిన్ను మార్సడం డాక్టరు వల్లే అవలేదు, బావా.”

మాట తగలాల్సిన చోటే తగిలింది. ఎండాకాలంలో నాగబాబు గుండెకి స్టెంటు వేశారు. ఇక వల ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఈసారి ఆసుపత్రి దాకా కూడా రావు అని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

“ఆడి మాట ఇని ఒడ్డున కూకుంటే రోగం లేకండానే పోతాను. అన్నలొద్దన్నారు. కొడుకొద్దన్నాడు. నువ్వూ వద్దన్నావు. మీ అప్పని సూడు, ఒక్కనాడైనా వద్దందా? పెళ్ళామంటే అదిరా.”

అదీ నిజమే. భాస్కర్ అక్క కూర్మమ్మ పల్లెత్తు మాట అనలేదు. తెల్లారేసరికి చద్ది కట్టి, ఇంజనుకి దండం పెట్టి, డీజిలు ట్యాంకు మూత మీద పసుపు రాసి, అగ్గిపుల్లతో కుంకుమ బొట్టు దిద్ది మరీ మొగుణ్ణి సాగనంపుతోంది. ఇప్పుడు కూడా ఒడ్డున నిలబడి వీళ్ళనే చూస్తోంది.

నాగబాబు మూత విప్పి డీజిలు చూశాడు. సగానికి పైనే ఉంది. మూత బిగించి హ్యాండిల్ అందుకోబోయాడు. భాస్కర్ అది లాక్కుని తనే తిప్పాడు. ఇంజను ఒక్కపెట్టున అందుకుంది. గెడ్డ మలుపు దాకా బోటు బాణంలా పోయింది. నాగబాబు మొహం విచ్చుకునే లోపే రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

నాగబాబు ఈసారి తిట్టలేదు. మొగ దాటుతున్న బోట్ల వైపు తిరిగి కూర్చున్నాడు. “ఏట లేకపోతే నేనేటి సేసుకుని బతకాల్రా?” అన్నాడు. 

భాస్కర్ మూత వైపే చూస్తున్నాడు. దాన్ని విప్పి బిగించినప్పుడల్లా ఇంజను బతుకుతోంది. మూతకి సన్నటి చిల్లు ఉంటుంది. అందులోంచి లోపలికి గాలి పోకపోతే డీజిలు కిందికి దిగదు. ఖాళీగా తిరిగే ఇంజనుకి ఆ కాస్త డీజిలూ సరిపోవచ్చు గానీ, బరువు లాగాలంటే చాలదు. ఇంత తేలిక సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు తనను తానే తిట్టుకుంటూ, బొటనవేలితో బొట్టు తుడిచాడు.

వేలు అక్కడే ఆగిపోయింది. ఒడ్డు వైపు చూశాడు. కూర్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఏటిరా, దొరికిందేటి?” నాగబాబు ఇటు తిరగకుండానే అడిగాడు.

“దొరికింది, బావా. డీజిలు పంపు పోయింది. ఇది పాత మోడలు, సామాను దొరకడం కష్టం.”

“ఎన్నాళ్ళు పడతాది?”

“సెప్పలేను.”

నాగబాబు ఇంజన్నీ, దాన్ని చేసినవాణ్ణీ, బాగుచేయలేనివాణ్ణీ కలిపి తిట్టాడు. ఎవరిదో బోటు వచ్చి తాడు కట్టి ఒడ్డుకు లాగింది. దిగీ దిగగానే అతను వెనక్కి చూడకుండా టీ కొట్టు వైపు నడిచాడు.

కూర్మమ్మ తల దించుకుని తమ్ముడి దగ్గరికొచ్చింది.  భాస్కర్ బావ వెళ్ళిన వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“రేపు బొట్టు కాస్త పెద్దది పెట్టప్పా, అగ్గిపుల్ల కనబడతన్నాది.”