రాజు చేతిలో ఉండగా

"ముందు ఏం చేస్తే ఓడిపోతామో చెప్పు తల్లీ. అది తెలిస్తే జాగ్రత్తపడొచ్చు" అన్నాడు మధుసూదనరావు, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి.

ఫర్హానా నవ్వింది. బందరు కోనేరు సెంటర్లో ఆమె ఇంటర్నెట్ సెంటర్ పెట్టి రెండేళ్ళయింది. పరీక్షల రిజల్ట్సు కోసం తొక్కిసలాడే పిల్లల్ని చూసింది గానీ, అరవై దాటిన రోల్డుగోల్డు వ్యాపారికి కంప్యూటర్లో పేకాట నేర్పడం ఇదే మొదలు. వారం రోజులుగా ఆయన దుకాణం కట్టేసి మరీ పాఠానికి వస్తున్నాడు.

"ఆదివారం పోటీకి రూల్సు వేరండీ బాబాయ్ గారూ. చెరి మూడు ముక్కలు, మూడు రౌండ్లు, రెండు గెలిచినవాళ్ళదే ఆట. మీవి ఆయనకీ, ఆయనవి మీకూ కనిపిస్తూనే ఉంటాయి. ఇద్దరూ ఒకేసారి తలో ముక్కా వెయ్యాలి. మొదటి రెండు రౌండ్లలో పెద్ద ముక్క గెలుస్తుంది, మూడో రౌండ్లో మాత్రం చిన్న ముక్క గెలుస్తుంది. అందుకని చిన్నది చివరిదాకా దాచుకోవాలి. రాజును పట్టుకుని కూర్చున్నారో, గోవిందా!"

"రాజును దాచుకుంటే గోవిందా" అని మధుసూదనరావు శ్రద్ధగా రాసుకుని, కింద రెండు గీతలు గీశాడు.

"ఆయన" అంటే గుడివాడలో ఉండే బావ కొండలరావు. మూడేళ్ళ కిందట పామర్రులో ఒక పెళ్ళింట పేకాడుతూ "నా ముక్కల్లోకి తొంగిచూశావ్" అన్నాడు మధుసూదనరావు. "చూళ్ళేదు" అన్నాడు కొండలరావు. అంతే, ఆరోజు నుంచి మాటల్లేవు. ముందు పలకరిస్తే పరువు పోతుందని ఇద్దరికీ పంతం. మధ్యలో నలిగిపోయింది వసుంధర. ఈయనకు చెల్లెలు, ఆయనకు భార్య మరి. చివరికి ఆవిడే విసిగిపోయి పందెం కట్టించింది. ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని కంప్యూటర్లో ఒక్క ఆట ఆడాలి. ఓడినవాళ్ళు ఫోన్ చేసి "తప్పు నాదే" అని ఒప్పుకోవాలి.

ఆదివారం పదకొండింటికి మధుసూదనరావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తొక్కుడు లడ్డూ డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"గెలిస్తే నాకెన్ని ఇస్తారు?" అంది ఫర్హానా.

"గెలిస్తే డబ్బా అంతా నీకే" అన్నాడాయన.

ఆట మొదలైంది. ఈయనకు రాజు, ఐదు, రెండు పడ్డాయి. అవతల రాణి, నాలుగు, మూడు.

"మంచి ముక్కలండీ! ముందు ఐదు వెయ్యండి. ఆయన రాణిని ఖర్చు పెట్టేసుకుంటారు. తర్వాత రెండూ మీవే."

ఐదు వేశాడు. అవతలి నుంచి నాలుగు పడింది.

"గెలిచారు! రాణిని పెట్టుకుని నాలుగు వేశారేంటండీ? మీ బావగారికి ఎవరూ నేర్పినట్టు లేదు."

మధుసూదనరావు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. పాపం, కంగారు పడుతున్నాడనుకుని ఫర్హానా ఫ్యాను పెంచింది.

"ఇప్పుడు రాజును వేసెయ్యండి. ఆట అయిపోతుంది."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. మౌసును అటూ ఇటూ జరిపి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. రెండు పడింది.

"అయ్యో, బాబాయ్ గారూ!"

అవతల మూడు పడింది. చెరో రౌండూ అయింది. ఇక మిగిలింది ఈయన దగ్గర రాజు, ఆయన దగ్గర రాణి. మూడో రౌండు కాబట్టి చిన్న ముక్కదే గెలుపు. రాణి గెలిచింది.

ఫర్హానా తల పట్టుకుంది. "వారం రోజులు గొంతు చించుకున్నానండీ! చేతిలో రాజు ఉండగా ఎవరైనా రెండు వేస్తారా?"

"చూపు ఆనలేదమ్మా. సర్లే, పందెం పందెమే. ఫోన్ ఇటియ్యి."

చూపు ఆనని మనిషి గుడివాడ నంబరు ఎక్కడా చూసుకోకుండానే నొక్కేశాడు. ఒక్క రింగుకే అవతల ఎత్తారు.

"బావా..." అన్నాడు మధుసూదనరావు. "తప్పు నాదే. పన్నెండింటి బస్సుకి వస్తున్నా. నీకిష్టమని లడ్డూలు తెస్తున్నా."

అవతలి నుంచి కొండలరావు అరిచిన అరుపు ఫర్హానాకు కూడా వినిపించింది.

"ఓడిపోవడం నాకంటే బాగా నేర్చుకున్నావు కదరా బావా!"