మాస్టారి తప్పు

సముద్రంలో ఆటుపోట్లు ఎన్నింటికో ముందే చెప్పే ప్రోగ్రాం ఒకటి రాసి, తెరచాప పడవలవాళ్లందరికీ ఉచితంగా ఇచ్చారు లెక్కల మాస్టారు.

ఒకరోజు ఒకావిడ తన భర్త ల్యాప్‌టాప్ పట్టుకుని ఆయన గదికి వచ్చింది.

"మా ఆయన మీ లెక్క నమ్మి బయల్దేరారండీ. నీళ్లు గంట ముందే తగ్గిపోయి, పడవ రాళ్లకు కొట్టుకుంది. మనిషి దక్కలేదు. తప్పెక్కడుందో చూసి చెప్పండి."

మాస్టారు చూశారు. "ప్రోగ్రాంలో ఈ టైము సెట్టింగు ఎవరు మార్చారమ్మా?"

"నేనేనండీ. గంట వెనకబడి ఉన్నట్టు అనిపించి, ఆయన వెళ్లే ముందురోజు గంట ముందుకు జరిపాను. ఏం, దానివల్లా?"

ఆయన కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "కాదమ్మా. తప్పు నా ప్రోగ్రాంలోనే ఉంది."

ఆవిడ ఏడ్చింది. "మీరు ఒప్పుకున్నారు. ఇంకొకరైతే ఒప్పుకోరు" అని లేచి వెళ్లింది.

వారం తిరక్కుండానే రేవంతా తెలిసిపోయింది. ఆ ప్రోగ్రాం అందరూ తీసేశారు. టీ కొట్టు బల్ల మీద మాస్టారి పక్కన కూర్చునేవాళ్లు లేకుండా పోయారు.

నెల తర్వాత ముసలి సరంగు ఒక్కడే వచ్చి తలుపు తట్టాడు.

"పదేళ్లు మీ లెక్క చూసుకునే పడవ నడిపాను మాస్టారూ. సరిగ్గా గంట తేడా మీ లెక్కలో రాదు. ఎవరో టైము మార్చి ఉంటారు."

"ఎవరూ మార్చలేదు" అన్నారు మాస్టారు.

సరంగు వెళ్లిపోయాక కూడా ఆయన చాలాసేపు తలుపు దగ్గరే నిలబడ్డారు.