పేరు లేని పోస్టు

"మళ్ళీ పెట్టాడు," అంటూ భార్య ఫోన్ తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

కళ్ళజోళ్ళ షాపాయన చేతిలోని ఫ్రేము పక్కన పెట్టి చూశాడు. వాళ్ళ అపార్ట్‌మెంటు గ్రూపులో పేరు లేని పోస్టు. వారంలో ఇది మూడోది.

'మూడో అంతస్తులో మంచం పట్టిన ముసలాయన మీద చెయ్యి చేసుకుంటున్నారు. ఎవరైనా వచ్చి ఒక్కసారి తలుపు కొట్టండి.'

మూడో అంతస్తులో మంచం పట్టిన ముసలాయన ఒక్కడే. టైలరమ్మ వాళ్ళ నాన్న. పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు. ఉన్న ఒక్క కూతురూ పెళ్ళి మాటే ఎత్తకుండా, మంచం పక్కనే మిషను వేసుకుని, రెడీమేడ్ షాపుకి చొక్కాలు కుడుతూ ఆయన్ని చూసుకుంటోంది. కూతురంటే అలా ఉండాలని బిల్డింగంతా చెప్పుకుంటుంది.

గ్రూపు భగ్గుమంది.

'అలాంటి పిల్ల మీద బురద చల్లడానికి చేతులెలా వచ్చాయి?'

'దమ్ముంటే పేరు చెప్పరా!'

నూట పన్నెండు ఇళ్ళ గ్రూపు అది. మొదలుపెట్టిందీ, నడిపేదీ కళ్ళజోళ్ళాయనే. తొలి రోజుల్లో పొద్దున లేస్తే కొట్లాటే. ఒక్కో గొడవకీ ఒక్కో కట్టుబాటు పెట్టుకుంటూ వచ్చాడు. కొత్తగా చేరినవాళ్ళు ఒక రోజంతా చదవాలి, ఆ తర్వాతే రాయాలి. ఐదుగురు అభ్యంతరం చెబితే ఆ పోస్టు దానంతటదే మాయమవుతుంది. జంకేవాళ్ళ కోసం పేరు లేకుండా రాసే వీలు పెట్టాడు. రాసిందెవరో ఆయనక్కూడా తెలీదు. మరీ హద్దు మీరితే ఆ ఖాతా మూసెయ్యగలడు, అంతే. లిఫ్టు మెకానిక్కు తాగి పనికొస్తున్నాడన్న సంగతి అలాగే బయటపడింది. అప్పుడందరూ ఆయన్ని మెచ్చుకున్నారు.

మూడో పోస్టు నాలుగు నిమిషాల్లో మాయమైంది.

"ఒకసారి వెళ్ళి చూసొస్తే పోలా?" అంది భార్య.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మీ నాన్నని కొడుతున్నావా అమ్మా అని అడగనా?"

"అడగొద్దు. తలుపు కొట్టమనేగా రాశాడు."

"వెళ్ళానంటే నమ్మినట్టే. ఆ పిల్ల మనసు విరిగిపోతుంది."

సాయంత్రం అసోసియేషన్ ప్రెసిడెంటు ఫోన్ చేశాడు. "మీరు పెట్టిన వీలే కొంప ముంచుతోంది. వాణ్ణి తీసేస్తారా, గ్రూపే మూసేద్దామా?"

"ఒక్క రెండ్రోజులు చూద్దామండీ."

శుక్రవారం పొద్దున్నే నాలుగోది వచ్చింది.

'దయచేసి రండి. ఇవాళ దెబ్బ గట్టిగా పడింది. ఆపేవాళ్ళు లేరు.'

ఆయన రెండుసార్లు చదివాడు. ఈలోగా ఐదు అభ్యంతరాలూ పడి పోస్టు మాయమైంది, తిట్లు మాత్రం ముప్పై దాటాయి. షాపు తెరిచే వేళయింది. ఖాతా మూసేసి, తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

గ్రూపు చల్లబడింది. కానీ ఆయనకి రెండ్రోజులు అన్నం సయించలేదు. అంతమంది నోళ్ళలో పడి ఆ పిల్ల ఎంత నలిగిపోయిందో! గ్రూపు తరఫున ఒక మాట చెప్పి రావాలనుకుని ఆదివారం మూడో అంతస్తుకి వెళ్ళాడు.

టైలరమ్మ తలుపు తీసింది. ఎన్నాళ్ళనుంచో నిద్ర లేని కళ్ళు. లోపల ముసలాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చెంప మీద నీలంగా కమిలిన మచ్చ.

"మంచం అంచు తగిలిందా అమ్మా?" కళ్ళజోళ్ళాయనే అడిగాడు, తనే జవాబిచ్చుకున్నట్టు.

ఆమె తలుపు ఇంకాస్త తెరిచింది.

"ఆ పోస్టుల గురించే వచ్చాను. బిల్డింగులో ఒక్కరు కూడా నమ్మలేదు, తెలుసా? నువ్వు ధైర్యంగా ఉండు. శుక్రవారమే వాడి నోరు మూయించేశాను. ఇంక ఒక్క అక్షరం రాయలేడు."

ఆమె తలుపు పట్టుకుని అలాగే గుమ్మంలో కూలబడిపోయింది. ఆయన కంగారుగా వంగాడు.

"ఏమ్మా, ఏమైంది? వాడెవడో నీకు తెలుసా?"

ఆమె తన కుడి అరచేతి వైపు చూసుకుంటూ ఉండిపోయింది.

"అవన్నీ రాసింది నేనే అన్నయ్యా."